దొరియా షఫీక్

దొరియా షఫీక్ (1908 డిసెంబరు 14 - 1975 సెప్టెంబరు 20) ఈజిప్టు దేశానికి చెందిన రచయిత్రి, కవయిత్రి, పత్రికా సంపాదకురాలు మరియు మహిళా హక్కుల ఉద్యమ నాయకురాలు. అరబ్బీ ఉచ్చారణలో ఈమె పేరు దుర్రియ్య షఫీక్. ఈమె 1945లో బింత్ అల్-నీల్ (నైలు పుత్రిక) అనే మహిళా పత్రికను, 1948లో అదే పేరుతో ఒక మహిళా సంఘాన్ని స్థాపించింది. 1951లో సుమారు 1500 మంది స్త్రీలతో కలిసి కైరోలోని పార్లమెంటు భవనంలోకి ప్రవేశించి స్త్రీలకు ఓటు హక్కు కల్పించాలని కోరింది. అదే కోరికతో 1954లో నిరాహారదీక్ష చేసింది. 1956 నాటి రాజ్యాంగం ఈజిప్టు స్త్రీలకు ఓటు హక్కును, ఎన్నికలలో పోటీచేసే హక్కును ఇచ్చింది. మరుసటి సంవత్సరమే, దేశంలోని నియంతృత్వ పాలనను నిరసిస్తూ కైరోలోని భారత రాయబార కార్యాలయంలో దీక్షకు కూర్చున్నందుకు ప్రభుత్వం ఈమెను గృహనిర్బంధంలో ఉంచి, ఈమె పత్రికలను మూసివేసింది. ఈమె తన జీవితంలోని చివరి పద్దెనిమిది సంవత్సరాలను ప్రజాజీవితానికి దూరంగా గడిపింది.

నేపథ్యం

ఈజిప్టులో స్త్రీల హక్కులను గూర్చిన చర్చ 19వ శతాబ్దపు చివరి దశకాలలో పత్రికల ద్వారా మొదలైంది. ఖాసిం అమీన్ అనే న్యాయమూర్తి 1899లో స్త్రీ విమోచనను గూర్చి వ్రాసిన గ్రంథం దేశమంతటా పెద్ద వివాదానికి దారితీసింది. స్త్రీలు తమంతట తామే ఈ విషయమై వ్రాయడం కూడా ఆ కాలంలోనే ఊపందుకుంది. ఉపాధ్యాయిని, రచయిత్రి అయిన మలక్ హిఫ్నీ నాసిఫ్ 1911లో స్త్రీల విద్య, ఉపాధి, వివాహ చట్టాలకు సంబంధించిన కోర్కెల పట్టికను ఈజిప్షియన్ కాంగ్రెసుకు సమర్పించింది.

1919లో బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా జరిగిన జాతీయోద్యమంలో స్త్రీలు వీధులలోకి వచ్చి ఊరేగింపులు జరిపారు. ఆ ఊరేగింపులకు నాయకత్వం వహించినవారిలో ఒకరైన హుదా షారావీ 1923లో ఈజిప్షియన్ స్త్రీవాద సమాఖ్యను స్థాపించింది. అదే సంవత్సరం అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈజిప్షియన్లందరూ చట్టం ముందు సమానులని ప్రకటించింది. కాని ఎన్నికల చట్టం ఓటు హక్కును పురుషులకే పరిమితం చేసింది. స్వాతంత్ర్యోద్యమంలో పురుషులతో సమానంగా పాల్గొన్న స్త్రీలు కొత్త పార్లమెంటు ప్రారంభోత్సవం నాటికే దాని వెలుపల నిలబడవలసి వచ్చింది. రాజ్యాంగానికి, ఎన్నికల చట్టానికి మధ్యనున్న ఈ వైరుధ్యమే తరువాతి కాలంలో దొరియా షఫీక్ పోరాటానికి ఆధారమైంది.

బాల్యం, విద్యాభ్యాసం

దొరియా షఫీక్ నైలు నది డెల్టాలోని తంతా పట్టణంలో తన అమ్మమ్మ ఇంట జన్మించింది. తంతా పట్టణం సూఫీ గురువు సయ్యద్ అల్-బదవీ మసీదుకు, అక్కడ ఏటా జరిగే ఉత్సవానికి ప్రసిద్ధి చెందినది. ఈమె తండ్రి అహ్మద్ షఫీక్ ప్రభుత్వోద్యోగంలోనున్న ఇంజనీరు. తల్లి రతీబా నాసిఫ్ సంపన్న కుటుంబానికి చెందినది. ఈమె బాల్యం తంతా, మన్సూరా పట్టణాలలో గడిచింది. చిన్న వయసులోనే తల్లి మరణించడం ఈమె మనసుపై చెరగని ముద్ర వేసింది.

తంతాలో ఫ్రెంచి క్రైస్తవ సన్యాసినులు నడిపే పాఠశాలలోను, తరువాత అలెగ్జాండ్రియాలోను ఈమె చదివింది. ఆ కాలపు ఈజిప్టులో పై తరగతుల, మధ్యతరగతుల పిల్లలు అనేకులు ఇటువంటి విదేశీ పాఠశాలలలోనే చదివేవారు. అందువలన ఈమెకు సాహిత్య భాషగా మొదట అలవడినది ఫ్రెంచి. కవిత్వమంతా ఈమె ఆ భాషలోనే వ్రాసింది. పదహారేళ్ళ వయసులో ఫ్రెంచి బాకలారియా పరీక్షలో దేశంలోనే ద్వితీయ స్థానంలో ఉత్తీర్ణురాలైంది.

పై చదువులకు ఫ్రాన్సు వెళ్ళాలన్నది ఈమె కోరిక. తండ్రికి అంత ఆర్థిక స్తోమత లేదు. అప్పుడు ఈమె సహాయం కోరుతూ హుదా షారావీకి లేఖ వ్రాసింది. హుదా షారావీ ఈమెను కైరోకు పిలిపించి మాట్లాడి, విద్యామంత్రిత్వ శాఖ నుండి విద్యార్థి వేతనం లభించేటట్లు చూసింది. 1928లో ఖాసిం అమీన్ వర్ధంతి సభలో ప్రసంగించే అవకాశం కూడా ఈమెకు లభించింది. అదే సంవత్సరం ఈమె ఓడలో ఫ్రాన్సుకు ప్రయాణమై, పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చేరింది.

పారిస్ జీవితం, వివాహం

సోర్బాన్‌లో పట్టా పొందిన తరువాత ఈమె ఈజిప్టుకు తిరిగివచ్చింది. 1935లో అలెగ్జాండ్రియాలో జరిగిన మిస్ ఈజిప్టు అందాల పోటీలో పాల్గొని ద్వితీయ స్థానం పొందింది. ముస్లిం కుటుంబానికి చెందిన యువతి ఇటువంటి పోటీలో పాల్గొనడం అప్పటికి కనీవినీ ఎరుగనిది కావడంతో పత్రికలలో ఈమెపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. ఇదే కాలంలో అహ్మద్ అల్-సావీ ముహమ్మద్ అనే పాత్రికేయునితో జరిగిన వివాహం స్వల్పకాలంలోనే రద్దయింది.

1936లో ఈమె డాక్టరేట్ పరిశోధన కొరకు తిరిగి పారిస్ చేరింది. అక్కడ న్యాయశాస్త్రం అభ్యసిస్తున్న తన బంధువు నూర్ అల్-దీన్ రగాయీని 1937లో వివాహమాడింది. వీరికి ఇద్దరు కుమార్తెలు కలిగారు.

ఈమె 1940లో సోర్బాన్ నుండి డాక్టరేట్ పొందింది. ఆనాటి నియమం ప్రకారం రెండు సిద్ధాంత గ్రంథాలను సమర్పించింది. మొదటిది ప్రాచీన ఈజిప్టు కళను గూర్చినది. రెండవది సమకాలీన ఈజిప్టులో స్త్రీకి, మతపరమైన చట్టానికి గల సంబంధాన్ని గూర్చినది. ఇస్లాం మతానికి, స్త్రీల సమాన హక్కులకు మధ్య విరోధం లేదని, విరోధమంతా తరతరాలుగా స్థిరపడిన ఆచారాల నుండి, సంకుచిత వ్యాఖ్యానాల నుండి పుట్టినదని ఈ గ్రంథంలో ఈమె వాదించింది. జీవితాంతం ఈమె ఈ అభిప్రాయం మీదనే నిలబడింది.

ఉద్యోగం, పత్రికా సంపాదకత్వం

డాక్టరేట్‌తో స్వదేశానికి వచ్చిన దొరియా షఫీక్ కైరోలోని విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవి కోసం ప్రయత్నించింది. పురుష విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి ఈమె మరీ ఆధునికంగా ఉన్నదన్న కారణంతో ఆ అవకాశం ఇవ్వలేదు. అందువలన ఈమె విద్యామంత్రిత్వ శాఖలో ఫ్రెంచి భాషా బోధన పర్యవేక్షకురాలిగా కొంతకాలం పనిచేసింది. హుదా షారావీ ఆదరణ ఉన్నప్పటికీ స్త్రీవాద సమాఖ్యలో కూడా ఈమెకు చెప్పుకోదగిన స్థానం లభించలేదు.

1945లో, అప్పటికి మరణించిన ఫువాద్ రాజు మొదటి భార్య యువరాణి షివికార్, తాను పోషిస్తున్న లా ఫామ్ నువెల్ (నూతన స్త్రీ) అనే ఫ్రెంచి పత్రికకు సంపాదకత్వం వహించవలసిందిగా ఈమెను కోరింది. ఖరీదైన కాగితంపై అచ్చయ్యే ఈ పత్రిక ఈజిప్టు కళలను, సంస్కృతిని విదేశీయులకు, ఫ్రెంచి చదివే ఉన్నత వర్గాలకు పరిచయం చేసేది. ఈ పదవి ఈమెకు పేరు తెచ్చింది. అయితే రాజకుటుంబంతో సంబంధమున్న వ్యక్తిగా, సామాన్యుల భాషలో మాట్లాడని మహిళగా విమర్శలు కూడా తెచ్చిపెట్టింది.

ఈ విమర్శకు సమాధానమా అన్నట్లు అదే సంవత్సరం చివరలో ఈమె అరబ్బీ భాషలో బింత్ అల్-నీల్ పత్రికను ప్రారంభించింది. ఈ పనిలో పాత్రికేయ చరిత్రకారుడు ఇబ్రహీం అబ్దూ ఈమెకు సహకరించాడు. ఈజిప్టులోను ఇతర అరబ్బు దేశాలలోను ఉన్న మధ్యతరగతి విద్యావంతులైన స్త్రీల కొరకు ఈ పత్రిక వెలువడింది. గృహనిర్వహణ, శిశుపోషణ, దుస్తులు, అలంకరణ వంటి శీర్షికలతో పాటు వివాహం, విడాకులు, స్త్రీవిద్య, ఉద్యోగాలు మొదలగు విషయాలను గూర్చిన రచనలు ఇందులో వచ్చేవి. తొలి సంవత్సరాలలో మృదువుగా ఉన్న సంపాదకీయాలు క్రమంగా సూటిగా రాజకీయ హక్కులను కోరే స్థాయికి చేరాయి. పిల్లల కొరకు అల్-కత్‌కూత్ (కోడిపిల్ల) అనే పత్రికను కూడా ఈమె నడిపింది.

బింత్ అల్-నీల్ సంఘం

1947 డిసెంబరులో హుదా షారావీ మరణించింది. అప్పటికి స్త్రీవాద సమాఖ్య ఏర్పడి ఇరవై నాలుగు సంవత్సరాలు గడిచినా స్త్రీలకు ఓటు హక్కు రాలేదు. 1948లో దొరియా షఫీక్ బింత్ అల్-నీల్ సంఘాన్ని స్థాపించింది. స్త్రీలకు పూర్తి రాజకీయ హక్కులు సాధించడం, బహుభార్యాత్వాన్ని, భర్త ఇష్టానుసారం జరిగే విడాకులను చట్టం ద్వారా నియంత్రించడం, నిరక్షరాస్యతను నిర్మూలించడం ఈ సంఘం యొక్క ముఖ్యోద్దేశాలు.

సంఘానికి కైరోతో పాటు ఇతర పట్టణాలలో కూడా శాఖలు ఏర్పడ్డాయి. పేద స్త్రీలకు వ్రాత, చదువు నేర్పే తరగతులను, ఉద్యోగాలు చూపించే కేంద్రాన్ని, పనిచేసే స్త్రీలకు చవకగా భోజనం పెట్టే భోజనశాలను సంఘం నడిపింది. ఓటు హక్కు లేనిదే చట్టాలు మారవు, చదువు లేనిదే ఓటు హక్కు సార్థకం కాదు అన్న దృష్టితో ఈ రెండు పనులను ఈమె జంటగా సాగించింది.

అప్పటి ఈజిప్టు మహిళా ఉద్యమంలో ఈ సంఘం ఒక్కటే లేదు. ఫాతిమా నిమత్ రషీద్ 1944లో ఒక మహిళా పార్టీని స్థాపించింది. చిత్రకారిణి ఇంజీ ఎఫ్లాతూన్ వంటి వామపక్షవాదులు స్త్రీల సమస్యను వర్గ పోరాటంతోను, సామ్రాజ్యవాద వ్యతిరేకతతోను ముడిపెట్టి చూసేవారు. జైనబ్ అల్-గజాలీ ఇస్లామిక ధర్మం చట్రంలోనే స్త్రీల స్థానాన్ని నిర్వచించే సంస్థను నడిపేది. ఈ వర్గాల మధ్య భేదాభిప్రాయాలు తీవ్రంగానే ఉండేవి.

పార్లమెంటు ప్రవేశం

1951 ఫిబ్రవరి 19న కైరోలోని అమెరికన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూవార్ట్ హాలులో మహిళల సభ జరిగింది. సభ ముగింపులో దొరియా షఫీక్ పిలుపునందుకొని సుమారు 1500 మంది స్త్రీలు సమీపంలోనే ఉన్న పార్లమెంటు భవనం వైపు నడిచారు. బింత్ అల్-నీల్ సభ్యులతో పాటు స్త్రీవాద సమాఖ్య నాయకురాలు సీజా నబరావీ కూడా ఇందులో పాల్గొంది. ద్వారం వద్ద కాపలాదారులు అడ్డుకొన్నా వారు లోనికి ప్రవేశించారు. కొన్ని గంటలపాటు పార్లమెంటు కార్యకలాపాలు స్తంభించాయి.

స్త్రీలను పార్లమెంటులోకి అనుమతించడం, వివాహ విడాకుల చట్టాలను సంస్కరించడం, సమాన పనికి సమాన వేతనం ఇవ్వడం వీరి ముఖ్యమైన కోర్కెలు. కోర్కెలను పరిశీలిస్తామన్న హామీ లభించిన తరువాత స్త్రీలు భవనం నుండి వెలుపలికి వచ్చారు. అయితే ఆ హామీ ఆచరణలోకి రాలేదు. పైగా పార్లమెంటులో అక్రమంగా ప్రవేశించిందన్న అభియోగంపై ఈమె న్యాయస్థానానికి హాజరు కావలసి వచ్చింది. ఈజిప్టు తొలితరం మహిళా న్యాయవాదులలో ఒకరైన ముఫీదా అబ్దుల్ రహ్మాన్ ఈమె తరఫున వాదించింది. విచారణ వాయిదా పడి, శిక్ష లేకుండానే ముగిసింది.

మతసంస్థల నుండి కూడా ప్రతిఘటన వచ్చింది. 1952 జూన్‌లో అల్-అజహర్ ఫత్వా కమిటీ స్త్రీల పార్లమెంటు సభ్యత్వాన్ని వ్యతిరేకిస్తూ ప్రకటన విడుదల చేసింది. ఖురాను ఎక్కడా స్త్రీకి ఓటును నిషేధించలేదన్నది దొరియా షఫీక్ వాదన.

జాతీయోద్యమంలో పాత్ర

ఈజిప్టులో బ్రిటిష్ సైన్యం ఉనికికి వ్యతిరేకంగా 1951-52లో ఆందోళన తీవ్రమైంది. బింత్ అల్-నీల్ సంఘం యువతులకు ప్రథమ చికిత్సలోను, సైనిక పద్ధతులలోను శిక్షణనిచ్చే దళాన్ని ఏర్పాటు చేసింది. 1952 జనవరిలో సంఘ సభ్యులు కైరోలోని బార్‌క్లేస్ బ్యాంకును చుట్టుముట్టి, బ్రిటిష్ సంస్థలను బహిష్కరించవలసిందిగా ప్రజలను కోరారు. పోలీసులు దొరియా షఫీక్‌ను అరెస్టు చేశారు.

1952 జూలై 23న సైనికాధికారులు అధికారాన్ని చేజిక్కించుకొని ఫారూక్ రాజును తొలగించారు. కొత్త ప్రభుత్వంపై ఆశలు పెట్టుకున్న వారిలో ఈమె కూడా ఒకరు. తన సంఘాన్ని రాజకీయ పార్టీగా నమోదు చేయించింది. కాని 1953 జనవరిలో సైనిక ప్రభుత్వం రాజకీయ పార్టీలన్నిటినీ రద్దుచేయడంతో ఆ ప్రయత్నం అంతటితో ఆగిపోయింది.

1954 నిరాహారదీక్ష

కొత్త రాజ్యాంగాన్ని రూపొందించడానికి ప్రతిపాదించిన సభలో స్త్రీలకు స్థానం కల్పించలేదు. దీనికి నిరసనగా 1954 మార్చి 12న దొరియా షఫీక్ కైరోలోని పాత్రికేయుల సంఘ భవనంలో నిరాహారదీక్ష ప్రారంభించింది. మరికొందరు స్త్రీలు ఈమెతో కలిసి దీక్షలో కూర్చున్నారు. అలెగ్జాండ్రియాలో కూడా కొందరు స్త్రీలు దీక్ష చేపట్టారు. గాంధీ కాలం నుండి భారతీయులకు సుపరిచితమైన ఈ పద్ధతి ఈజిప్టు మహిళా ఉద్యమానికి కొత్తది. దేశ విదేశాల పత్రికలు ఈ వార్తను ప్రముఖంగా ప్రచురించాయి.

అప్పుడు దేశాధ్యక్షుడుగా ఉన్న ముహమ్మద్ నగీబ్‌కు, గమాల్ అబ్దుల్ నాసర్‌కు మధ్య అధికారం కొరకు పోరు సాగుతున్నది. ఎనిమిది రోజుల దీక్ష తరువాత, కొత్త రాజ్యాంగంలో స్త్రీల రాజకీయ హక్కులను గుర్తిస్తామని నగీబ్ తరఫున లిఖితపూర్వకమైన హామీ అందింది. దానితో దీక్ష విరమించారు. అదే సంవత్సరం నవంబరులో నగీబ్ పదవి కోల్పోయాడు.

ఈ దీక్ష వలన ఈమెకు అంతర్జాతీయ ఖ్యాతి లభించింది. ఐరోపా, అమెరికా, ఆసియా దేశాల నుండి ఆహ్వానాలు రాగా, ఈమె ప్రపంచ పర్యటన చేసి పలుచోట్ల ఈజిప్టు స్త్రీల స్థితిని గూర్చి ప్రసంగించింది. భారతదేశం, సిలోను, పాకిస్తాను, జపాను కూడా ఈ పర్యటనలో ఉన్నాయి. ఈ అనుభవాలను అరబ్బీ భాషలో యాత్రా గ్రంథంగా ప్రచురించింది.

1956 రాజ్యాంగం

1956లో నాసర్ ప్రభుత్వం తెచ్చిన రాజ్యాంగం, దానిననుసరించిన ఎన్నికల చట్టం స్త్రీలకు ఓటు హక్కును, పోటీచేసే హక్కును ఇచ్చాయి. అయితే ఇందులో ఒక తేడా ఉంచారు. పురుషులకు ఓటర్ల జాబితాలో పేరు నమోదు తప్పనిసరి. స్త్రీలు మాత్రం తమకు తాముగా దరఖాస్తు చేసుకుంటేనే పేరు చేరుతుంది. ఇది సగం హక్కే అని భావించిన ఈమె పూర్తి సమానత్వాన్ని కోరింది.

ఈ సమయానికి ఈమె దృష్టి మరొక సమస్యపైకి కూడా మళ్ళింది. పార్టీలు లేవు, పత్రికలపై ఆంక్షలున్నాయి, ప్రభుత్వాన్ని విమర్శించినవారు జైళ్ళలో ఉన్నారు. పురుషులకే స్వేచ్ఛగా ఎన్నుకొనే అవకాశం లేని దేశంలో స్త్రీలకు ఓటు ఉండి ప్రయోజనమేమిటన్న ప్రశ్న ఈమెను వేధించింది. స్త్రీల స్వేచ్ఛ, పౌరుల స్వేచ్ఛ వేరువేరు కావన్న నిశ్చయానికి వచ్చింది. ఇతర మహిళా నాయకులు అనేకులు అప్పటికి నాసర్‌ను సమర్థించారు. సూయజ్ కాలువ జాతీయీకరణ, దాని వెంట వచ్చిన యుద్ధం నాసర్‌ను అరబ్బు ప్రపంచమంతటా వీరునిగా నిలబెట్టాయి. అటువంటి సమయంలో ఆయనను ఎదిరించడానికి ఈమె పూనుకొన్నది.

భారత రాయబార కార్యాలయంలో దీక్ష

1956 అక్టోబరు చివరలో ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు ఈజిప్టుపై దాడిచేశాయి. బ్రిటన్, ఫ్రాన్సు సేనలు డిసెంబరులో వెనుదిరిగినా, 1957 ఫిబ్రవరి నాటికి ఇజ్రాయెల్ సేనలు ఇంకా పూర్తిగా వైదొలగలేదు. 1957 ఫిబ్రవరి 6న దొరియా షఫీక్ కైరోలోని భారత రాయబార కార్యాలయంలోకి వెళ్ళి ఆమరణ నిరాహారదీక్ష ప్రకటించింది. ఆక్రమిత ఈజిప్టు భూభాగం నుండి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలన్నది ఒక కోరిక. దేశాన్ని దివాలాకు, అరాచకానికి నడిపిస్తున్న నియంతృత్వం అంతం కావాలన్నది, ఇందుకు నాసర్ పదవి నుండి తప్పుకోవాలన్నది రెండవ కోరిక. ఒకటి విదేశీ ఆక్రమణకు, మరొకటి స్వదేశీ నిరంకుశత్వానికి వ్యతిరేకమైనది.

ఏ కూటమికీ చెందని తటస్థ దేశం కావడం వలన ఈమె భారతదేశపు కార్యాలయాన్ని ఎంచుకున్నది. ఆ సమయంలో ఈజిప్టులో భారత రాయబారిగా ఉన్నది హైదరాబాదుకు చెందిన నవాబ్ అలీ యావర్ జంగ్. ఈయన అంతకు పూర్వం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా పనిచేశాడు. నాసర్, నెహ్రూ సన్నిహిత మిత్రులు కావడంతో ఈ దీక్ష భారత ప్రభుత్వానికి చిక్కు సమస్య అయింది.

కొన్ని రోజుల తరువాత దీక్ష ముగిసింది. దాని ఫలితం 1954 నాటి దీక్షకు పూర్తిగా భిన్నంగా ఉంది. ఈసారి హామీలు లేవు, పత్రికల మద్దతు లేదు. బింత్ అల్-నీల్ సంఘంలోని ఈమె సహచరులే ఈమెను నాయకత్వం నుండి తొలగించారు. ఇతర మహిళా ఉద్యమకారిణులతో కలిసి ఈమెను దేశద్రోహిగా నిందిస్తూ ప్రకటన చేశారు. ప్రభుత్వం ఈమెను గృహనిర్బంధంలో ఉంచింది. ఈమె పత్రికలు మూతబడ్డాయి. ఈమె పేరు పత్రికలలో కనిపించరాదన్న నిషేధం అమలైంది. ఈమెను జైలుకు పంపకుండా ఇంటికే పరిమితం చేయడానికి జవహర్‌లాల్ నెహ్రూ జోక్యం కారణమని చెబుతారు.

1957 జూలైలో స్త్రీలు ఓటుచేసి, పోటీచేసిన తొలి ఎన్నికలు జరిగాయి. రావియా అతియా, అమీనా షుక్రీ అనే ఇద్దరు మహిళలు శాసనసభకు ఎన్నికయ్యారు. అరబ్బు ప్రపంచంలో పార్లమెంటు సభ్యత్వం పొందిన మొదటి మహిళలలో వీరు ఉన్నారు. ఆ హక్కు కొరకు పార్లమెంటు తలుపులు తోసుకొని వెళ్ళిన దొరియా షఫీక్ ఆనాడు ప్రజాజీవితం నుండి బహిష్కృతురాలై ఉంది.

ఆ కాలంలో అణచివేతకు గురైనది ఈమె ఒక్కతే కాదు. నాసర్ ప్రభుత్వం స్త్రీలకు విద్య, ఉద్యోగాలు విరివిగా కల్పించింది. 1962లో హిక్మత్ అబూ జైద్ ఈజిప్టు మొదటి మహిళా మంత్రి అయింది. కాని ప్రభుత్వంతో సంబంధం లేని స్వతంత్ర మహిళా సంఘాలను మాత్రం మననివ్వలేదు. ఇంజీ ఎఫ్లాతూన్ 1959 నుండి 1963 వరకు, జైనబ్ అల్-గజాలీ 1965 నుండి 1971 వరకు జైలులో గడిపారు. పరస్పరం విభేదించిన ఈ ముగ్గురి మార్గాలు చివరకు నిర్బంధం దగ్గర కలిశాయి.

ఏకాంతవాసం, మరణం

కైరోలోని జమాలెక్ ప్రాంతంలో నైలు నదికి దగ్గరగా ఉన్న ఒక బహుళ అంతస్తుల భవనంలో ఈమె నివసించింది. నిర్బంధపు ఆంక్షలు సడలిన తరువాత కూడా ఈమె ప్రజాజీవితంలోకి తిరిగి రాలేదు. మిత్రులు చాలామంది దూరమయ్యారు. 1968లో భర్తతో వివాహబంధం ముగిసింది. ఈ సంవత్సరాలలో ఈమె ఫ్రెంచి భాషలో కవితలు వ్రాస్తూ, తన జ్ఞాపకాలను పలుమార్లు తిరగరాస్తూ కాలం గడిపింది. ఇవేవీ ఈమె జీవించి ఉండగా ఈజిప్టులో అచ్చుకాలేదు.

1970లో నాసర్ మరణించాడు. 1975 సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 20న దొరియా షఫీక్ తన ఇంటి ఆరవ అంతస్తు బాల్కనీ నుండి పడి మరణించింది. దీనిని ఆత్మహత్యగానే ఎక్కువమంది భావిస్తారు. అప్పటికి ఈమె వయసు 66 సంవత్సరాలు.

రచనలు

దొరియా షఫీక్ ఫ్రెంచి, అరబ్బీ భాషలలో రచనలు చేసింది. వీటిలో ముఖ్యమైనవి:

* లా ఫామ్ నువెల్ ఆన్ ఎజిప్ట్ (1944) - ఈజిప్టులోని నూతన స్త్రీని గూర్చిన ఫ్రెంచి గ్రంథం.
* ఈజిప్టులో మహిళా వికాసోద్యమ పరిణామం (1945) - ఇబ్రహీం అబ్దూతో కలిసి వ్రాసిన అరబ్బీ గ్రంథం.
* లా బొన్ అవాంత్యూర్ (1949) - ఫ్రెంచి కవితా సంపుటి.
* లెస్క్లావ్ సుల్తాన్ (1952) - ఫ్రెంచి నవల. బానిసగా వచ్చి 1250లో ఈజిప్టు సింహాసనం అధిష్ఠించిన షజర్ అల్-దుర్ర్ ఇందులో కథానాయిక.
* ఈజిప్టు స్త్రీల రాజకీయ హక్కులపై శ్వేతపత్రం (1953) - ఓటు హక్కు కొరకు, వ్యతిరేకంగా వెలువడిన వాదనలను ఒకచోట చేర్చిన అరబ్బీ సంకలనం.
* లామూర్ పెర్దూ (1954) - ఫ్రెంచి కవితా సంపుటి.

ఏకాంతవాస కాలంలో వ్రాసిన కవితలలో కొన్ని 1979లో ఫ్రాన్సులో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. వాటిలో ఒకటి ఈజిప్టు పురాణ దేవత ఐసిస్ కన్నీళ్ళ పేరుతోను, మరొకటి ఇటలీ మహాకవి డాంటేతో నరకయాత్ర అన్న అర్థం గల పేరుతోను ఉన్నాయి.

విమర్శలు

జీవితకాలంలో ఈమెపై విమర్శలు రెండు వైపుల నుండి వచ్చాయి. పాశ్చాత్య విద్య, ఫ్రెంచి భాష, వేషధారణ కారణంగా ఈమె తన సమాజం నుండి దూరమైనదని సంప్రదాయవాదులు ఆక్షేపించారు. రాజకుటుంబపు పత్రికకు పనిచేసిన, పై తరగతుల స్త్రీలకే ప్రాతినిధ్యం వహించిన వ్యక్తి అని వామపక్షవాదులు విమర్శించారు. సహచరులను సంప్రదించకుండా పెద్ద నిర్ణయాలు తీసుకొనేదన్న మాట కూడా ఉంది. 1957 నాటి దీక్షను ఈమె ఒంటరిగా తలపెట్టడం, అది సంఘంపై పడే ప్రభావాన్ని లెక్కచేయకపోవడం ఇందుకు ఉదాహరణగా చూపుతారు. సంఘం నడిపిన అక్షరాస్యత తరగతులు, ఉపాధి కేంద్రం మాత్రం పై తరగతులకే పరిమితమైన ఉద్యమమన్న విమర్శకు సరిపడవు.

గుర్తింపు

మరణానంతరం చాలాకాలం వరకు ఈజిప్టు మహిళా ఉద్యమ చరిత్రలో ఈమె పేరు అంతగా వినిపించలేదు. కైరోలోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యురాలైన సింథియా నెల్సన్, కుటుంబం భద్రపరచిన వ్రాతప్రతుల ఆధారంగా 1996లో ఈమె జీవితచరిత్రను ఆంగ్లంలో ప్రచురించింది. ఈమెను గూర్చిన తరువాతి రచనలు అనేకం ఈ గ్రంథంపైనే ఆధారపడ్డాయి. 2016 డిసెంబరు 14న, ఈమె 108వ జయంతి సందర్భంగా, గూగుల్ సంస్థ ఈమె చిత్రంతో డూడుల్ ప్రదర్శించింది. గతంలో తాను సంస్మరణ వ్యాసం ప్రచురించకుండా విస్మరించిన ప్రముఖుల శీర్షికలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2018లో ఈమెను గూర్చి వ్యాసం ప్రచురించింది.

ఈజిప్టులో స్త్రీలు కోరిన విడాకులను సులభతరం చేసే ఖులా చట్టం 2000లో వచ్చింది. బింత్ అల్-నీల్ కోర్కెలలో ఒకటైన వివాహ చట్టాల సంస్కరణలో ఇది ముఖ్యమైన మెట్టు. బహుభార్యాత్వాన్ని చట్టం ద్వారా రద్దుచేయాలన్న కోరిక మాత్రం నెరవేరలేదు.